రబ్బరు ముద్రలు చెక్కుటకు పనిముట్ల నెన్నుకొనుట



మన ప్రాంతము నేలిన తూర్పు చాళుక్య రాజులు భూదానములు చేయునపుడు శాసనమును రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులను ఒక కడియమున గ్రుచ్చి, కడియము అతుకుమీద గుండ్రని రాజముద్ర నుంచెడివారు. ఆ ముద్రయందు వరాహము, అంకుశము, చంద్రరేఖ మున్నగు చిహ్నములును, 'శ్రీ త్రిభువనాంకుశ' యను అక్షరములును ఉబ్బెత్తుగా నుండును. దానము పొందినవాడు చదువరి కాకపోయినను, ఆ ముద్రను చూచి ఇది రాజుగారి మాటయే యని నమ్మెడివాడు. నేడు పంచాయతీ కార్యాలయమునను, తపాలా కచేరీలోను, మన పాఠశాల గుమాస్తాగారి బల్లపైనను ఉన్న చిన్న రబ్బరు ముద్ర చేయు పనియు నదియే. కాగితముపై వ్రాసిన మాట నిజమని అది సాక్ష్యము పలుకును. కావున ముద్ర చెక్కుట చిన్న పనియే యైనను, అందొక అక్షరము తప్పినచో ఆ తప్పు వేయి కాగితములపై అచ్చుపడును.

మన హస్తకళల తరగతిలో రబ్బరు ముద్రలు చెక్కుట ప్రారంభించిన నాటినుండి బాలురును బాలికలును, వారి తలిదండ్రులును నన్ను ఒకే ప్రశ్న అడుగుచున్నారు: 'ఏ పనిముట్లు కొనవలయును?' ఈ ప్రశ్నకు నేను గత సంవత్సరము తొందరపడి చెప్పిన జవాబు తప్పు. ఆ తప్పు నాకెట్లు తెలియవచ్చినదో మొదట చెప్పి, పిమ్మట సరియైన జవాబు నాకు తెలిసినంతవరకు వివరించెదను.

నేను చేసిన పొరపాటు

తరగతి ప్రారంభమగునప్పటికి నేనొక దుకాణమున పండ్రెండు ఉలులు గల పెట్టెలను చూచితిని. పెట్టె వెల స్వల్పము. ఒక్కొక్క ఉలి ఒక్కొక్క ఆకారమున మెరయుచుండెను. ఇంత తక్కువ వెలకు ఇన్ని పనిముట్లు వచ్చుచుండగా వేరొకటి వెదకుట ఎందులకని తలంచి, తరగతికి చాలినన్ని పెట్టెలు కొంటిని. పదునును పరీక్షింపలేదు. పరీక్షించు విధము నాకు తెలియదు. ట్రయినింగు కాలేజీలో నేను బోధనోపకరణములు చేయుట నేర్చితిని గాని, ఉలికి పదును పెట్టుట నేర్వలేదు.

ఎనిమిదవ తరగతి బాలుడొకడు తరగతి పుస్తకములపై వేయుటకు 'గ్రంథాలయము' అను ముద్రను చెక్కుచుండెను. అక్షరములు చక్కగా వచ్చుచున్నవి. 'థా' యను అక్షరము లోపలి చుక్కచుట్టును రబ్బరు తీయవలసిన సమయమున ఉలి సాగలేదు. వాడు గట్టిగా నొత్తెను. అప్పటికిని సాగలేదు. మరికొంచెము ఒత్తినంతనే ఉలి ఒక్కసారిగా జారి, చుక్కను కోసివైచి, ముద్రను పట్టుకొని యున్న ఎడమచేతి చూపుడువ్రేలిలో దిగెను. నెత్తురు బల్లపై పడెను. ఆసుపత్రిలో మూడు కుట్లు వేసిరి.

మరునాడు బాలుని తండ్రి పాఠశాలకు వచ్చెను. ఆయన వడ్రంగి. కుమారుడు ఉలి పట్టక కలము పట్టి బ్రదుకవలెనని కోరి, తన సంపాదనలో మిగిలినదంతయు వాని చదువునకే పెట్టుచున్న మనుష్యుడు. అట్టి తండ్రి కుమారుడు బడిలో ఉలిచేతనే గాయపడెను. నేను తలవంచుకొని నిలిచితిని. ఆయన నన్నేమియు అనలేదు. 'ఆ ఉలి ఒకసారి చూపించండి మాస్టారూ' అని అడిగి, దానిని కిటికీ వెలుతురునకు ఎత్తి, అంచును ఇటునటు త్రిప్పి చూచెను. పిమ్మట, 'పిల్లవాడి చెయ్యి తప్పు కాదండి, తమ తప్పూ కాదండి. దీనికి పదునే లేదండి. తళతళలాడితే పదును కాదండీ' అనెను.

'తమ తప్పు కాద'ని ఆయన అన్నది మర్యాదచేత. తప్పు నాదే. నేను పండ్రెండు ఆకారములను కొంటిని గాని, ఒక్క పదునైన అంచునైనను కొనలేదు.

మొద్దు ఉలి ఏల ప్రమాదకరము

పదునైన పనిముట్టు పిల్లలకు ప్రమాదమనియు, మొద్దుది క్షేమమనియు మనలో ననేకులు తలంతురు. ఇది సరికాదు. ఈ సంగతి మన తల్లులకు తెలియును. పదునైన కత్తిపీటపై కంద ముక్కలు సునాయాసముగా తెగును. మొద్దు కత్తిపీటపై నొత్తి నొత్తి, ముక్క హఠాత్తుగా తెగినప్పుడు వ్రేలు తెగును. కోతల కాలమునకు ముందు రైతు కొడవలికి కక్కు కొట్టించుకొనుట పని తొందరగా సాగుటకు మాత్రమే కాదు, చేయి కాచుకొనుటకును.

కారణ మేమనగా: అంచు పదునుగా నున్నయెడల దానిని ముందునకు నడుపుటకు కొలది బలము చాలును. కొలది బలముతో నడచుదానిని ఆపుటయు సులభము. అంచు మొద్దుబారినప్పుడు అది పదార్థములోనికి దిగక అడ్డుపడును. చెక్కువాడు బలము పెంచును. ఎప్పుడో ఒక క్షణమున ఆ అడ్డు తొలగును. అప్పటివరకు చేతిలో కూడిన బలమంతయు ఒక్కసారిగా ఉలిని ముందునకు త్రోయును. ముందున్నది సాధారణముగా ఎడమచేయి. కావున పనిముట్ల నెన్నుకొనుటలో మొదటి సూత్రమిది: పదునుగా నుంచుకొనగలిగినన్ని పనిముట్లనే కొనుడు. పండ్రెండు మొద్దు ఉలులకంటె రెండు పదునైన ఉలులు మేలు. బైబిలునందు ప్రసంగి గ్రంథము పదియవ అధ్యాయమున ఇనుప పనిముట్టు పదునును గూర్చిన మాట యొకటి కలదు. దానిని మీరు ఇంటివద్ద చదువుకొనుడు.

దేనిని చెక్కుచున్నాము?

ఉలిని ఎన్నుకొనుటకు ముందు దానిచే చెక్కబడు పదార్థమును తెలిసికొనవలెను. మన చుట్టుప్రక్కల పనివారు ఈ విషయమును చక్కగా నెరుగుదురు. కొండపల్లి బొమ్మలను తేలికయై మెత్తనైన తెల్లపొణికి కర్రతో చేయుదురు. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్రను తరిమెన పట్టుదురు. మచిలీపట్టణము చెంతనున్న పెడనలో కలంకారీ బట్టలపై వేయు అచ్చులను గట్టిదగు టేకుతో చెక్కుదురు. కర్ర మారినకొలది పనిముట్టును, దానిని పట్టు పద్ధతియు మారును.

రబ్బరునకు కూడ అనేక రూపములు కలవు. చెట్టుపాలనుండి వచ్చిన రబ్బరు పెన్సిలు గీతలను తుడుచునని 1770లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడగు జోసెఫ్ ప్రీస్ట్‌లీ వ్రాసెను. కాని పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసగుచుండెను. గంధకముతో కలిపి వేడిచేసినచో ఈ దోషము పోవునని అమెరికా దేశస్థుడగు చార్లెస్ గుడియర్ 1839లో కనుగొని, 1844లో దానికి పేటెంటు పొందెను. గంధకము కొలదిగా చేర్చినచో రబ్బరు మెత్తగా సాగుచుండును. చాల ఎక్కువగా చేర్చినచో కొమ్మువలె గట్టిపడి ఎబొనైటు అగును. మన రాజమహేంద్రవరమున 1932లో ప్రారంభమైన రత్నం కలముల పరిశ్రమకు ఆధారము ఈ ఎబొనైటే. ఒకే చెట్టుపాలనుండి వచ్చినదైనను, కలమునకు పనికివచ్చు ఆ గట్టి పదార్థమును తరిమెన పట్టవలెను. ముద్రకు పనికివచ్చు మెత్తనిదానిని చేతి ఉలితో కోయవచ్చును.

పూర్వము దుకాణములలో రబ్బరు ముద్రలను చేతితో చెక్కెడివారు కారు. సీసపు అక్షరములను కూర్చి, వానినుండి అచ్చుగుంట తీసి, అందు పచ్చి రబ్బరు నుంచి యంత్రమున వేడిచేసి ఒత్తెడివారు. నేడు ఎక్కువ భాగము కంప్యూటరుతో అక్షరములు కూర్చి, లేజరు కిరణముతో రబ్బరును కాల్చియో, కాంతికి గట్టిపడు ద్రవముతోనో చేయుచున్నారు. కావున కచేరీ ముద్రలు చెక్కి జీవించుటకు మనము ఈ పనిని నేర్చుకొనుట లేదు. చేయి, కన్ను, అక్షరము ఈ మూడును ఒక్క త్రాటిపై నడచుట నేర్చుకొనుటకు దీనిని చేయుచున్నాము.

మన తరగతిలో వాడునది పెన్సిలు గీతలను తుడుచు దిమ్మ. దీనిని రబ్బరు అని పిలుచుచున్నను, నేడు వచ్చు తెల్లని దిమ్మలలో పెక్కు వినైలు అను ప్లాస్టిక్కుతో చేసినవి. ఇవి వెన్నవలె కోయబడును, కావున ప్రారంభకులకు మంచివి. కాని చెక్కిన ముద్రను ప్లాస్టిక్కు డబ్బాలో తాకునట్లు పెట్టినచో కొంతకాలమునకు రెండును అంటుకొనిపోవును. కాగితమున చుట్టి దాచుకొనవలెను. ఇవి గాక లినోలియము అను పదార్థము కలదు. అవిసె నూనెను, బెండుపొడిని కలిపి గోనెబట్టపై పరచి చేయుదురు. దీనిని ఇంగ్లండు దేశస్థుడగు ఫ్రెడరిక్ వాల్టన్ 19వ శతాబ్దపు నడిమి కాలమున నేలపై పరచుటకు కనిపెట్టెను. తరువాత చిత్రకారులు దానిని చెక్కి అచ్చువేయ నారంభించిరి. ఇది దిమ్మకంటె గట్టిది. చలికాలపు ఉదయమున మరింత గట్టిపడును. కొంతసేపు ఎండలో నుంచినచో మెత్తనై ఉలికి లొంగును.

ఏ ఉలులు?

ముద్రలు చెక్కుటకు ముఖ్యమైనవి నాలుగు మాత్రమే.

మొదటిది కోణపుటులి. దీని మొన ఆంగ్లాక్షరమగు 'వి' వలె రెండు గోడలు కలిసినట్లుండును. అక్షరము అంచు వెంబడి సన్నని గీత తీయుటకు ఇదియే ప్రధానము. రెండవది సన్నని గుల్ల ఉలి. దీని మొన చిన్న దోనెవలె గుండ్రముగా నుండును. అక్షరముల లోపలి ఖాళీలను, వంపులను తీయుటకు ఇది తగినది. మూడవది వెడల్పు గుల్ల ఉలి. సుమారు ఐదు మిల్లిమీటర్ల వెడల్పు గలది చాలును. అక్షరములకు వెలుపల అచ్చుపడకూడని స్థలమును ఇది త్వరగా తొలగించును. నాలుగవది సన్నమొన గల చాకు. దిమ్మ అంచులు కోయుటకును, మూలలు శుభ్రపరచుటకును అది పనికివచ్చును. ఒక్కటే కొనగలవారు కోణపుటులిని కొనుడు. రెండు కొనగలవారు సన్నని గుల్ల ఉలిని చేర్చుకొనుడు. తక్కినవి మెల్లగా సమకూర్చుకొనవచ్చును.

మంచి కంపెనీల ఉలులపై అంకెలుండును. స్విట్జర్లండు దేశపు ఫైల్ కంపెనీ ఉలిపై '11/1' అని యున్నచో, మొదటి అంకె మొన వంపును, రెండవది వెడల్పును మిల్లిమీటర్లలో తెలుపును. 11 అనగా లోతైన గుల్ల, 12 అనగా కోణపుటులి. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణపు లెక్కలో కోణపుటులికి 39 అను సంఖ్య వాడుదురు. కావున ఒక కంపెనీ అంకెను మరియొక దానితో పోల్చి మోసపోకుడు. మొనను కంటితో చూచి కొనుడు. అమెరికా దేశపు స్పీడ్‌బాల్ అను రకమున పిడి యొక్కటే, అలుగులు మార్చుకొనవచ్చును. మిగిలిన అలుగులు పిడిలోపలనే దాగును. ఇట్టివి రబ్బరునకును లినోలియమునకును చాలును గాని టేకు కర్రకు పనికిరావు.

తెలుగు అక్షరములకు ప్రత్యేకముగా గమనింపవలసినది

విదేశపు పుస్తకములలో ఇంగ్లీషు అక్షరములు చెక్కుటకు చాకు నొక్కదానినే వాడుమని కొందరు చెప్పుదురు. ఆ అక్షరములలో నిలువు గీతలు, అడ్డగీతలు ఎక్కువ గనుక వారి మాట వారికి సరియే. మన అక్షరములు అట్టివి కావు. తాటాకుపై గంటముతో వ్రాయునపుడు తిన్నని గీతలు ఆకును చీల్చును గనుక మన లిపి గుండ్రదనము పొందినదని పండితులు చెప్పుదురు. తాటిచెట్లు గట్టున వరుసలు తీరిన ఈ డెల్టాలో పుట్టిన మనకు ఆ మాటను నమ్ముట కష్టము కాదు. గుండ్రని అక్షరమునకు తిన్నని అంచుగల చాకుకంటె సన్నని కోణపుటులియు, గుల్ల ఉలియు ఎక్కువ పనికివచ్చును. వంపు వచ్చినచోట ఉలిని త్రిప్పకుడు. కుడిచేయి కదలక నిలువగా ఎడమచేతితో దిమ్మను మెల్లగా త్రిప్పుడు. కాలువలో మలుపు తిరుగు పడవవలె గీత తనంతట సాగును.

చెక్కు క్రమమునందు అక్షరము లోపలి ఖాళీలను మొదట తీయవలెను. చుట్టునున్న రబ్బరు అప్పటికింకను గట్టిగా నిలిచియుండుటచే లోపలి సన్నని భాగములు కదలవు. 'థ'కారము లోపలి చుక్కను చూడుడు. ఆ చుక్క పోయినచో 'థ' కాస్త 'ధ' యగును, 'కథ' 'కధ' యగును. చేతివ్రాతలోనైన దిద్దుకొనవచ్చును. ముద్రలో తెగిన చుక్కను తిరిగి అతికించుట సాధ్యము కాదు. ఇట్టి చుక్కచుట్టును తీయుటకు మిల్లిమీటరు వెడల్పు గల ఉలి కావలెను. చౌక పెట్టెలలో సామాన్యముగా నుండు మూడు మిల్లిమీటర్ల ఉలి అచ్చట పట్టదు.

అక్షరము గోడ తీయునపుడు ఉలిని వెలుపలికి వాల్చి, గోడ క్రిందికి పోయినకొలది వెడల్పగునట్లు చెక్కవలెను. చెఱువుగట్టు అడుగున వెడల్పుగను పైన సన్నముగను ఉండునట్లు, అక్షరమునకును బలమైన పునాది యుండవలెను. లోపలికి తవ్వినచో అక్షరము నాలుగుసార్లు ఒత్తినంతనే వంగిపోవును.

ముద్రపై అక్షరములు తిరగబడి యుండవలెనని మీకందరకు తెలియును. తలక్రిందులుగా ఆలోచింప నక్కరలేదు. పలుచని కాగితముపై మెత్తని పెన్సిలుతో సరిగా వ్రాసి, వ్రాసిన ముఖమును దిమ్మపై బోర్లించి, వెనుకనుండి చెంచాతో రుద్దినచో అక్షరములు తిరగబడి దిమ్మపై దిగును. వానిని అట్లే చెక్కినచో అచ్చు సరిగా పడును. చెక్కుటకు ముందు దిమ్మను అద్దమునకు చూపి చదువుకొనుడు. అద్దములో సరిగా చదువబడినచో చెక్కవచ్చును.

దుకాణమున పరీక్షించు విధము

వడ్రంగిగారు ఆనాడు కిటికీవద్ద చేసినది మొదటి పరీక్ష. ఉలి అంచును వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. నిజమైన పదునంచు కంటికి కనబడదు. అచ్చట తెల్లని గీత మెరసినచో ఆ అంచు మొద్దు. ఆ గీత మధ్యలో చుక్కవలె మెరసినచో అచ్చట ముక్క యెగిరినది. రెండవది, దుకాణదారుని అనుమతితో ఒక దిమ్మపై కోసి చూడుడు. పదునైన ఉలి తీసిన చాలు నున్నగా నిగనిగలాడును. చాలులో సన్నని చారలు కనబడినచో అంచు గంట్లు పడినది. మూడవది, కోణపుటులి రెండు గోడలును కలియుచోట అడుగున గడ్డవలె మందమున్నదేమో చూడుడు. ఉన్నచో అది కోయదు, చించును.

నాలుగవది పిడి. పిడి వెనుకభాగము అరచేతిలో ఆనియుండగా బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని ముందు అలుగు సుమారు ఒక అంగుళము మాత్రమే బయటికి రావలెను. పెద్దల చేతికి సరిపోవునది పది సంవత్సరముల పిల్లకు పొడవగును. పొడవైన అలుగు వశములో నుండదు. కావున తలిదండ్రులు పిల్లలను దుకాణమునకు వెంటబెట్టుకొనిపోయి వారిచేతనే పట్టించి చూడవలెను. పిడిలో అలుగు కదలుచున్నదాని నెంతమాత్రము కొనరాదు.

పదును పెట్టుట

ఉలితోపాటు సానరాయి కొననివాడు సగము పనిముట్టునే కొన్నవాడు. ఒక ఉలి తగ్గించుకొనియైనను సానరాయిని కొనుడు. 1000 సంఖ్య గలది పదును తెచ్చుటకును, 4000 గాని అంతకు మించినది గాని నునుపు చేయుటకును వాడుదురు. అంకె పెరిగినకొలది రాయి నున్ననగును. రాతిని నీటితో తడిపి, ఉలి ఏటవాలు ముఖమును రాతిపై పూర్తిగా ఆనించి నూరవలెను. గుల్ల ఉలిని ప్రక్కకు దొర్లించుచు నూరుడు. కోణపుటులిని రెండు వేర్వేరు ఉలులుగా భావించి, ఒక్కొక్క గోడను సమానముగా నూరుడు. నూరినప్పుడు అంచు వెనుకకు కంటికానని సన్నని రేకు మడతపడును. పాత తోలుబెల్టు ముక్కను పలకపై అంటించి, దానిపై ఉలిని వెనుకకు లాగినచో ఆ రేకు పోయి అంచు మెరుగగును. చెక్కునపుడు పావుగంట కొకసారి తోలుపై నాలుగు లాగులు లాగినచో రాతితో అంతగా పని యుండదు.

మోటారు చక్రముపై నూరించునపుడు ఉక్కు కాలి నీలిరంగు పొందినచో దాని గట్టిదనము పోయినట్లే. పిమ్మట ఎంత నూరినను పదును నిలువదు. ఈ కారణముచేత వీధి సానవానికి చిన్న ఉలుల నీయరాదు.

పట్టు పద్ధతి

ఎంత మంచి ఉలియైనను ఒక నియమము తప్పరాదు. ఎడమచేయి ఎల్లప్పుడును ఉలి మొనకు వెనుకనే యుండవలెను. దీనికై ఒక చిన్న ఆనుడుపలక చేసికొనుడు. జానెడు పలకకు ఒక అంచున పైకి ఒక పట్టెను, రెండవ అంచున క్రిందికి మరియొక పట్టెను మేకులతో బిగింపవలెను. క్రిందిపట్టె బల్ల అంచునకు తగిలి పలకను కదలనీయదు. పైపట్టె దిమ్మను ఆపును. అప్పుడు ఎడమచేయి దిమ్మకు ముందుండవలసిన పని లేదు. గత సంవత్సరము ఇట్టి పలక తరగతిలో నున్నయెడల, ఉలి మొద్దుదైనను ఆ బాలుని వ్రేలు తెగియుండెడిది కాదు.

పెడనలో చూచినది

ఈ సంగతులను ఇంకను తెలిసికొనగోరి నేను సెలవులలో భీమవరము, గుడివాడల మీదుగా మచిలీపట్టణము పోవు రైలులో పెడనకు పోయితిని. శ్రీకాళహస్తిలో కలంకారీని కలముతో వ్రాయుదురు. పెడన, మచిలీపట్టణముల పద్ధతిలో కొయ్య అచ్చులతో ఒత్తుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు కావలెను. చెక్కునాయన ముందు టేకు పలకపై పూలతీగె గీయబడి యుండెను. ప్రక్కన అనేకములగు ఉలులుండెను గాని, నేను కూర్చున్న గంటసేపటిలో ఆయన మూడింటినే మార్చి మార్చి వాడెను. మధ్యమధ్య పని నిలిపి రాతిపై నూరుకొనుచుండెను. పని పాడగుచున్నదని తోచినప్పుడు కాదు, పాడు కాకమునుపే నూరుచుండెను. ఈ భేదమును నేను ఇంటికి తెచ్చుకొంటిని.

తలిదండ్రులకు ఒక మాట

ఖర్చునకు వెనుదీయు తలిదండ్రులతో ఒక మాట చెప్పెదను. ఆ వడ్రంగిగారు కుమారునికి క్రొత్త ఉలి కొనలేదు. విరిగిన గొడుగు ఊచను చూచినచో అది సన్నని దోనెవలె గుల్లగా నుండుట మీకు కనబడును. ఆయన అట్టి ఊచ నొకదానిని రెండంగుళములు తెగగోసి, మొనను ఏటవాలుగా నూరి, జామకర్ర పిడిలో బిగించి యిచ్చెను. రబ్బరునకును వినైలునకును అది చక్కని గుల్ల ఉలి. గట్టి కర్రకు మాత్రము వాడరాదు, వంగును. ఈ ఉలికి ఆయనకైన ఖర్చు ఒక సాయంకాలము.

ఆయన తరువాత మూడు శనివారములు తన పని మానుకొని మన తరగతికి వచ్చి, పిల్లలకును నాకును నూరుట నేర్పెను. మొదటి దినమున బల్లవద్ద నిలుచుటకును సంకోచించెను. 'మీరు కూర్చుండి చెప్పుడు, మేము నిలిచి నేర్చుకొందుము' అని నేనంటిని. తండ్రి ఉలి పట్టుకొని నలువది మందికి పాఠము చెప్పుచుండగా ఆ బాలుడు చూచిన చూపును నేను మరువజాలను. వాడు కలము పట్టి బ్రదుకుగాక యని నేనును కోరుచున్నాను. కాని ఉలి పట్టిన చేతిని చిన్నచూపు చూడని మనుష్యుడుగా బ్రదుకునని ఇప్పుడు నాకు నమ్మకము కలదు.

కుట్లు మానిన పిమ్మట వాడు రెండవ దిమ్మ తీసికొని మరల 'గ్రంథాలయము' అని చెక్కెను. ఈ సంచికను చదువుచున్న విద్యార్థులు తరగతి బీరువాలోని ఏ పుస్తకమునైనను తీసి మొదటి పుట చూడుడు. ఊదారంగు ముద్ర కనబడును. 'మ'కారము కొంచెము వాలియున్నది. 'థా'లోని చుక్క మాత్రము నిండుగా నిలిచియున్నది.